ఎవరి లెక్కన పాడుబడ్డ ఊరు?

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఇక్ష్వాకులను వరసగా వల్లెవేస్తుంటారు: శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. నాలుగో పేరు కాగానే పేజీ తిప్పుతారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి కథ అక్కడితో సరి.

నాగార్జునకొండ లోయలోని ఆ రాజధాని వైభవం సుమారు నూరేళ్ళు. రాజులు యజ్ఞాలు చేశారు, అంతఃపుర స్త్రీలు బౌద్ధానికి దానాలిచ్చారు. శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ పూనికతో మహాచైత్యం లేచింది. నాలుగో శతాబ్దంలో వంశం అంతరించింది. దాతలు పోయాక భిక్షువుకు అక్కడ బతుకు లేదు, శిల్పికి పని లేదు. మరి రైతుకో? నేల ఉంది, కృష్ణ ఉంది. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడి ద్వారా తెలిసి, 1926లో పురావస్తు శాఖకు చెందిన రంగస్వామి సరస్వతి వెళ్ళేసరికి ఆ శిథిలాల చుట్టూ పల్లెలూ పొలాలూ ఉన్నాయి. ఆ పల్లెవాళ్ళు పాతవాళ్ళ వారసులే కానక్కర్లేదు. లోయ మాత్రం అన్నం పెడుతూనే ఉంది.

మాయా నగరం తికాల్‌దీ ఇదే తీరు. అక్కడ తేదీ చెక్కిన చివరి శిల 869 నాటిది. మాయా భాషలు మాట్లాడేవాళ్ళు గ్వాటెమాల, మెక్సికోల్లో నేటికీ లక్షల్లో ఉన్నారు. ఆగింది శిలలు నిలబెట్టడం, మొక్కజొన్న వేయడం కాదు.

తార్నాకలో మా వీధి పెద్దలు పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు లేచాక ‘మా తార్నాక ఇంకెక్కడిది’ అంటారు. అదే సాయంత్రం నల్గొండ నుంచి ట్రంకుపెట్టెతో దిగిన కుర్రాడు టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతుంటాడు. వాడి తార్నాక ఇవాళే మొదలు. ఊరు ఒక్కసారిగా, అందరికీ కలిపి పోదు.

నాగార్జునకొండ లోయ మాత్రం అందరికీ కలిపే పోయింది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ నీట మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కట్టడాలు కొన్నిటిని రాయి రాయిగా విప్పి కొండ మీదికీ అనుపుకూ చేర్చారు. పల్లెలు ఖాళీ అయ్యాయి. దిగువన లక్షల ఎకరాలు తడిశాయి. నేడు హైదరాబాదు తాగే కృష్ణ నీళ్ళూ ఆ జలాశయానివే. ఆ మేలు అనుభవిస్తున్నవాళ్ళలో నేనూ ఉన్నాను కనుక దాన్ని తప్పనలేను. కానీ రాజులు పోయినా ఉండగలిగిన రైతు, మనకు నీళ్ళు కావాల్సినప్పుడు ఉండలేకపోయాడు. చరిత్ర పాఠంలో ఎన్నడూ పేరుకెక్కని మనిషికి, ఊరు విడిచిపొమ్మనే నోటీసు మాత్రం పేరు పెట్టే వస్తుంది.