ముందుగా అందిన పైకము ఎవరిది?

మా పాలమూరు సీమలో “ఫలానావారు ఐ.పి. పెట్టిరి” అను మాట వినబడినంతనే జనులు పెదవి విరతురు. ఐ.పి. యనగా దివాలా పిటిషను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బజారులలో ఈ రెండక్షరములు తిట్టుగనే చెల్లుచున్నవి. ఎగవేసినవాడును, ఐ.పి. పెట్టినవాడును ఒక్కటే యని లోకుల తీర్పు. నేనును అట్లే తలచెడివాడను. నిరుడు ఒక చీరల వర్తకుని పిటిషనులో పదునేడవ ప్రతివాదిగా నాకు నోటీసు వచ్చిన పిదప గాని ఈ విషయమును సరిగా ఆలోచింపలేదు.

ఆయన మన సమాజమువారే. ప్రామిసరీ నోటుపై 60,000 రూపాయలు ఇచ్చియుంటిని. ఒక పెద్ద ఋణదాత దావా గెలిచి, డిక్రీ అమలునకై దుకాణములోని సరుకు జప్తు చేయించి, పిమ్మట అరెస్టునకును దరఖాస్తు పెట్టెను.

డిక్రీ బాకీకి మనిషిని జైలులో పెట్టవచ్చునా? పెట్టవచ్చును, కాని పేదరికమునకు కాదు. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసున సుప్రీంకోర్టు పక్షమున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరుగారు ఈ భేదమును స్పష్టపరచిరి. చెల్లింపలేకపోవుట వేరు, చెల్లింపగలిగియు దుర్బుద్ధితో చెల్లింపకుండుట వేరు. అంతేకాదు, డిక్రీ బాకీకి అరెస్టయి వచ్చినవానికి “నీవు దివాలా పిటిషను పెట్టుకొనవచ్చును” అని కోర్టే తెలుపవలెనని సివిల్ ప్రొసీజరు కోడు 55వ సెక్షను చెప్పుచున్నది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాని పనిముట్లు, మతాచారమును బట్టి స్త్రీ తన ఒంటినుండి తీయరాని ఆభరణములు, ఇవి జప్తునకు రావు. గద్వాల నేతగాని మగ్గమును ఏ షావుకారును ఎత్తుకొనిపోలేడు. శాసనములలో ఇంత దయ యున్నదని ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నాకు తెలియకపోవుట సిగ్గుచేటు.

సామాన్యుల దివాలాకు ఇప్పటికిని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఆధారము. 2016లో క్రొత్త కోడు వచ్చినను, వ్యక్తులకు సంబంధించిన భాగము కంపెనీ అప్పులకు పూచీపడినవారి విషయమున మాత్రమే 2019 డిసెంబరు నుండి అమలులోనికి వచ్చినది. పాత చట్టము ఋణగ్రస్తుని అడుగునది ముఖ్యముగా ఒక్కటే: లెక్కలు విప్పి చూపుము. ఆస్తులెన్ని, అప్పులెన్ని, ఎవరికెంత, ఖాతా పుస్తకములేవి? దాచినవానికి ఏడాది వరకు జైలు. బిజ్జలుని భాండాగారమును జంగములకు దోచిపెట్టుచున్నాడని నింద వచ్చినప్పుడు బసవేశ్వరుడు అలుగలేదు. ధనమును లెక్కింపనిచ్చెనని, కాసైనను తగ్గలేదని కథ. మన వర్తకుని పెట్టె ఖాళీయే. అయినను విప్పి చూపుటలో సిగ్గేమి? విప్పనివానిని గదా నిందింపవలసినది!

ఇంతవరకు పరుల ధర్మము చెప్పుట సులభముగనే యున్నది. ఇక నా సంగతి.

పిటిషనుకు నెల ముందు ఒక రాత్రి ఆయన మా యింటికి వచ్చెను. “శరణార్థి సారూ! మా పిల్లలకు చదువు చెప్పినోరు. మీ సొమ్ము ముంచితే నాకు పుట్టగతులుండవు” అని 25,000 చేతిలో పెట్టెను. గురుభక్తికి పొంగిపోతిని. నోటీసుతో వచ్చిన అప్పుల జాబితా చదివినప్పుడు ఆ పొంగు చల్లారినది. చీరలు అరువిచ్చిన నేతగాండ్రు నలుగురు, 8,000 దాచుకొన్న హమాలీ ఒకడు, 30,000 ఇచ్చిన ఒక వితంతువు. వారికి పైసా ముట్టలేదు.

చట్టమున 54వ సెక్షను చదివితిని. దివాలా స్థితిలో నున్నవాడు పిటిషనుకు ముందు మూడు నెలలలోపల ఒక ఋణదాతకు మేలు చేయవలెనను తలపుతో చెల్లించినది మోసపు చెల్లింపుగా ఎంచబడును. రిసీవరుపట్ల అది చెల్లదు. ఆయన గురుభక్తి యనుకొన్నది, నేను ధర్మమనుకొన్నది, హమాలీ దృష్టిలో ఏమగును? అప్పు నిజమే, సొమ్ము నాదే. అయినను ఉన్నది కొంచెమైనప్పుడు దానిలో అందరికిని పాలున్నది. ముందుగా నాకందినది వారి పాలునుండియే గదా!

పదునొకండు దినములు ఎవరికిని చెప్పలేదు. ఎవరడుగుదురులే యనియు అనుకొంటిని. తుదకు ఇంటిలో చెప్పగా మా ఇల్లాలు, “అమ్మాయి పెండ్లికని దాచినం, నిజమే. ఆ హమాలీకి ఆడపిల్లలు లేరా?” అనెను. ఆయ్దక్కి మారయ్య శరణుడు కావలసినదానికన్న ఎక్కువ బియ్యము ఏరి తేగా, తిరిగి పోసిరమ్మని పంపిన లక్కమ్మ నాకు జ్ఞప్తికి వచ్చెను. ఆ దంపతులు మన పొరుగుననున్న రాయచూరు సీమవారని ప్రతీతి.

వర్తకుని దివాలాదారుగా ప్రకటించిన పిదప అఫీషియల్ రిసీవరు వద్దకు పోయి 25,000 చెల్లించితిని. నా బాకీ మరల 60,000గా నమోదైనది. ఇది తెలిసి వర్తకుడు నొచ్చుకొనెను. “నా మర్యాద తీసితిరి సారూ” అనెను. కొంతసేపటికి, “కోర్టు విడుదల చేసినా, మీ బాకీ ఎప్పటికైనా తీరుస్తా” అనెను. చట్టము విడిచినదానిని నేను పట్టుకొనను. అయినను ఆయన మనస్సును ఆపుటకు నేనెవడను? “తీర్చగలిగిననాడు జాబితా పైనుండి మొదలుపెట్టుము, నాది పదునేడవది” అంటిని.

పంపకమింకను జరుగలేదు. రూపాయికి ఎన్ని పైసలు వచ్చునో రిసీవరుకే తెలియదు. ప్రామిసరీ నోటు కోర్టులో దాఖలైయున్నది. అది యుండిన పెట్టెలో ఇప్పుడు రిసీవరుగారి రసీదున్నది.