సున్నాకు విలువ ఎంత?

వర్ని దగ్గర వరి కోసేసిన మడిలో ఒక ఆదివారం సాయంకాలం రెండు ఊళ్ల కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడారు. ఆట ఒక గోలు తేడాతో ముగిసింది. గోలు కొట్టినవాణ్ణి భుజాలమీద మోశారు. పందెం సొమ్ములో పెద్దవాటా కూడా అతనికే పోయింది. గెలిచిన జట్టులో వెనుక నిలబడి, ఆటసాంతం ఎదుటివాళ్లను ఆపుతూ వచ్చిన కుర్రవాడు నా విద్యార్థి. మోకాలు గీరుకుపోయి వుంది. మరునాడు తరగతి అయ్యాక నా దగ్గరికి వచ్చి, "సార్, ఆపుడు కూడా పనేనా?" అని అడిగాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. విద్యార్థి సంఘంలో తిరిగేవాడు, నాలుగు పుస్తకాలు చదివినవాడు కనుక రెండో ప్రశ్న మరింత గట్టిగా వేశాడు. "కాపాడుడంటే వున్నదాన్ని వున్నట్టు వుంచుడే గద సార్? మనమేమో మార్చాలె అంటం. మరి కాపాడెటోడు మన దిక్కా, అవుతలి దిక్కా?"

యీ ప్రశ్న అతనికి ఆటలోంచి వచ్చినా, ఆటతో ముగిసేది కాదు. మన వాడుక మాటలనే చూడండి. మన శత్రువుకు మనం పెట్టుకున్న పేరేమిటి? అభివృద్ధి నిరోధకుడు. అనగా ఆపేవాడు. మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ముందుకు సాగడం, దూసుకుపోవడం, బద్దలు కొట్టడం మంచి పనులు, నిలువరించడం చెడ్డపని. యీ అలవాటు మనతో మొదలైంది కాదు. పనిలో అడ్డం తగిలినవాణ్ణి తెలుగువాడు సైంధవుడంటాడు. సైంధవుడు చేసిందేమిటి? పద్మవ్యూహం ద్వారం దగ్గర, అర్జునుడు తప్ప తక్కిన నలుగురు పాండవులనూ ఒక్కడే ఒక రోజు ఆపాడు. కేవలం పనితనం దృష్టితో చూస్తే భారతయుద్ధంలో అంత గొప్ప రక్షణ మరొకటి కనపడదు. దాన్ని కూడా కథకులు అతని ఖాతాలో వేయలేదు, శివుని వరమన్నారు. లోపల పసివాణ్ణి చుట్టుముట్టి చంపినవాళ్ల తరఫున అతను నిలబడ్డాడన్నది నిజమే, ఆ సంగతికి మళ్లీ వస్తాను. ఐతే సామెతలో మిగిలింది ఆ అధర్మం కాదు. అడ్డం పడటమే మిగిలింది. పెళ్లి సంబంధానికి అడ్డుచెప్పిన మేనమామ కూడా మనకు సైంధవుడే!

ఆపేవాడి జీవితం ఎలాంటిదో తెలుసుకోవాలంటే మనం దూరదేశాలు పోనక్కరలేదు. సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువాడు, 1944లో పుట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో తయారై, 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ, అనగా ఈస్ట్ బెంగాల్‌కూ, మోహన్ బగాన్‌కూ, మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ వెనుక వరుసలో ఆడాడు. 1970లో బాంకాక్ ఏషియన్ క్రీడల్లో భారత జట్టుకు నాయకుడు. మూడో స్థానం కోసం జపానుతో జరిగిన ఆటను మనవాళ్లు 1-0తో గెలిచి కంచు పతకం తెచ్చారు. ఆ తరువాత 2023 వరకు జరిగిన ఏ ఏషియన్ క్రీడల్లోనూ ఫుట్‌బాల్‌లో మనకు పతకమన్నది రాలేదు. ఆ 1970లోనే అతనికి అర్జున పురస్కారం ఇచ్చారు. ఆట మానుకున్నాక శిక్షకుడై, ఈస్ట్ బెంగాల్‌కూ, జాతీయ జట్టుకూ, సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లోనూ ఆట నేర్పాడు. 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు.

యీ వివరాలన్నిటిలో నన్ను నిలబెట్టేది ఆ 1-0. అందులో ఒకటికి ఒక కర్త వున్నాడు. ఏ నిమిషాన, ఏ కాలితో కొట్టాడో పత్రికలు రాస్తాయి. సున్నాకు కర్త ఎవరు? దాన్ని కూడా మనుషులే తయారుచేశారు. ఆటసాంతం పరుగెత్తి, ఒళ్లు తాకించి, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, గోలు కావలసినవాటిని కాకుండా చేశారు. కాని కాకపోయినదానికి ఛాయాచిత్రం లేదు. తప్పిపోతే మాత్రం లెక్క వుంటుంది. 1952లో హెల్సింకిలో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. ఆ జట్టులో హైదరాబాదు రక్షకుడు అజీజుద్దీన్ వున్నాడు. ఉత్తరదేశపు చలిలో మనవాళ్లలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఆ పది అంకె యీనాటికీ పుస్తకాల్లో వుంది. అదే అజీజుద్దీన్ నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న జట్టులోనూ వున్నాడు. అతను అంతకు ముందూ తరువాతా ఎన్ని గోళ్లు ఆపాడో ఎవరు లెక్కపెట్టారు?

యీ హైదరాబాదు ఆటగాళ్లందరి వెనుకా సయ్యద్ అబ్దుల్ రహీం వున్నాడు. బడిపంతులు. 1963లో కాన్సరుతో చనిపోయేవరకు సిటీ పోలీసు జట్టుకూ, జాతీయ జట్టుకూ శిక్షకుడు. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాదుకు వచ్చిందంటే అది ఆయన చలవే. 1962లో జకార్తాలో ఆయన చేసిన పని ఒకటి మన ప్రశ్నకు చాలా దగ్గరది. జట్టు రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక ఆడే స్థితిలో లేడు. రహీం అతన్ని ముందువరుసకు తోశాడు. జర్నైల్ సెమీఫైనల్లో ఒక గోలు, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒక గోలు కొట్టాడు. 2-1తో స్వర్ణం వచ్చింది. జర్నైల్ దేశవిభజనలో ల్యాల్‌పూర్ నుంచి ప్రాణాలు దక్కించుకొని వచ్చిన కుటుంబంలోవాడు. ఆసియా ఖండంలోనే మేటి రక్షకుడని పేరుపడినవాడు. ఐనా పిల్లలకు చెప్పే కథలో నిలిచింది అతను తన పని కాని పని చేసిన ఆ రెండు రోజులు! గాయపడిన తరువాత, వెనుక నిలబడలేక ముందుకు పోతేగాని, అతను కథకు పనికిరాలేదు.

మార్క్సు కాపిటల్ మొదటి సంపుటంలో బడిపంతులు ఉదాహరణ ఇచ్చాడు. పిల్లలకు పాఠం చెప్పడంవల్ల కాదు, బడి యజమానిని ధనవంతుణ్ణి చేయడానికి కష్టపడటంవల్ల అతను ఉత్పాదక శ్రామికుడవుతాడని ఆయన వాదన. పెట్టుబడి చూపులో ఏది పని అవుతుందో, ఏది కాదో యీ వాదన తేటతెల్లం చేస్తుంది. ఆ లెక్కన టిక్కెట్టు అమ్మే క్లబ్బుకు ఆడిన రక్షకుడు ఉత్పాదక శ్రామికుడే. ఐతే నా విద్యార్థి అడిగింది అది కాదు. పెట్టుబడి కళ్లతో కాక మన కళ్లతో చూసినప్పుడు ఆపడం పనేనా అని అడిగాడు. దీనికి కాపిటల్‌లో జవాబు వెతకడంకన్న నాకు తెలిసిన ఒక మనిషిని గురించి చెప్పడమే నయమనిపిస్తున్నది.

మా నాయిన కాలువ లస్కరు. 1923 నుంచి 1931 వరకు మంజీర మీద కట్టిన నిజాంసాగరు నీళ్లు బాన్సువాడ, వర్ని మీదుగా బోధను దాకా పోతాయి. ఆ నీటిని నమ్ముకొనే కోస్తా రైతులు వచ్చి మా చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు, ఆ నీటితో పండిన చెరుకుతోనే 1937లో బోధనులో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. ప్రాజెక్టు కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు మా జిల్లాలో బడిపిల్లలు చెప్పగలరు. కట్టమీద పార, లాంతరు పట్టుకొని తిరిగిన లస్కరు పేరు ఎవరికీ తెలియనక్కరలేదు. ఎండ్రకాయ బొక్కలు పూడ్చడం, తూము దగ్గర చెత్త తీయడం, వానరాత్రి షట్టరు దించడం, ఎవరూ గండి కొట్టకుండా కావలి కాయడం, యివీ ఆయన పనులు. ఆయన హద్దులో నా చిన్నతనమంతా ఒక్కసారే గండి పడింది. ఆ వారం ఊరంతా ఆయన పేరే చెప్పుకున్నారు. తక్కిన ఏళ్లన్నీ సున్నా.

"కాపు" అనే మాటకు కావలి అనీ అర్థం, సేద్యగాడు అనీ అర్థం, చెట్టు కాసిన కాయ అనీ అర్థం. భాష ఒకచోట సైంధవుణ్ణి తిట్టినా, మరొకచోట పంటనూ కావలినీ ఒక్క మాటలోనే ఇముడ్చుకున్నది. మంచె ఎక్కి పిట్టల్ని తోలినవాడికి తెలుసు, తోలకపోతే ఏం మిగిలేదో. కాబట్టి ఆపడం పనేనా అన్న మొదటి ప్రశ్నకు అవునని చెప్పడంలో నాకు సంకోచం లేదు.

రెండో ప్రశ్న దగ్గరే తంటా.

బోధను ఫ్యాక్టరీనే తీసుకుందాం. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూసేశారు. అంతకు ముందూ తరువాతా కార్మికులు చేసిన పోరాటం స్వభావం ఏమిటి? కొత్తగా వాళ్లు అడిగిందేమీ లేదు. వున్న ఫ్యాక్టరీ వుండాలన్నారు. వాళ్లు గెలిచివుంటే మనకు కనపడేదేమిటి? ఎప్పటిలాగే క్రషింగు సీజనులో చెరుకు బండ్లు, ఎప్పటిలాగే పొగగొట్టంలో పొగ, ఎప్పటిలాగే మొలాసిస్ వాసన. ఎవరూ దాన్ని విజయమని అనుకోరు. మన సంఘాల చరిత్ర రాసేటప్పుడు సాధించిన హక్కులకు ఒక్కొక్క అధ్యాయం వుంటుంది, పోనివ్వకుండా నిలుపుకున్న హక్కులకు పేరా కూడా వుండదు. స్కాలర్‌షిప్పు రద్దు కాకుండా ఆపిన ఉద్యమం, స్కాలర్‌షిప్పు తెచ్చిన ఉద్యమంకన్న తక్కువదని నా విద్యార్థి అనుకుంటే ఆ తప్పు అతనిది కాదు, అతనికి పాఠం చెప్పిన మాది. కాపాడటమంటే యథాస్థితిని సమర్థించడమని అనేవారు యథాస్థితి అంటే కదలని బండ అనుకుంటున్నారు. ఎదుటి జట్టు ఊరికే నిలబడివుంటే రక్షకుడి అవసరమే లేదు. లాభం ఎప్పుడూ దాడిలోనే వుంటుంది.

ఐతే ఎవరి గోలును కాపాడుతున్నాం? సైంధవుడి సంగతి యిక్కడికి వస్తుంది. హైదరాబాదు ఆటకు స్వర్ణయుగమని చెప్పుకునే ఆ 1950లో, పోలీసు జట్టు రోవర్స్ కప్పు గెలుస్తున్న కాలానికి, తెలంగాణ పల్లెల్లో సాయుధపోరాటం ఇంకా విరమించలేదు. 1951 అక్టోబరులో విరమించారు. మైదానంలో బూటుకాలికి చప్పట్లు కొట్టిన రాజ్యంలోనే, పల్లెలో బూటుకాలిని చూస్తే జనం అడవిలోకి పరుగెత్తారు. ఆటగాళ్లకు ఆ పాపం అంటగట్టడం అన్యాయం. బీదయిండ్ల పిల్లలకు ఉద్యోగమంటే పోలీసు ఉద్యోగమే దొరికింది, ఆట ఆడనిచ్చింది కూడా అదే. కాని జట్టు పేరు చదివినప్పుడల్లా నాకు ఆ రెండో బూటుచప్పుడు కూడా వినపడుతుంది. దాన్ని దాచి రహీం గొప్పతనం చెప్పడం నాకు చేతకాదు.

నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్ గోలునూ కాపాడాడు, దాని ఆగర్భశత్రువు మోహన్ బగాన్ గోలునూ కాపాడాడు. యిది నిలకడ లేనితనమని అనేవారు వున్నారు. నేను ఒప్పుకోను. కలకత్తాలో ఆటగాళ్ల పేర్లు నమోదుచేసే రోజుల్లో, అవతలి క్లబ్బు ఎత్తుకుపోకుండా ఆటగాణ్ణి ఇళ్లలో దాచిపెట్టేవారట. మనిషిని సరుకులాగా దాచినవాళ్లకు మనిషి నిలకడను గురించి మాట్లాడే హక్కెక్కడిది? క్లబ్బుల నిలకడ ఎంతటిదో మనమూ చూశాం. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది; రెండేళ్లు తిరగకముందే జీతాలు సరిగా అందక ఆటగాళ్లు విడిచిపోయారు; 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. మా జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియాకు పోయి దినామో జాగ్రెబ్‌కు ఆడిందంటే, ఆమె నిజామాబాదును విడిచిందని ఎవరైనా అంటారా? దుబాయి పోయిన మా ఊరివాళ్లను అనం గదా. కూలి ఎక్కడ దొరికితే అక్కడికి పోయేవాడు గోలుస్తంభాలు ఎవరివని అడిగే స్థితిలో వుండడు. అడగవలసింది మనం. మనమూ అడగం, యిది ఒప్పుకోవలసిన సంగతి.

యీ మాటలన్నీ కొంచెం కుదించి ఆ కుర్రవాడికి చెప్పాను. అతను తృప్తిపడలేదు. "మీ నాయిన కాలువకు కావలి గాసిండు, మంచిదే. నీళ్లు ఎవలకు పారినయి సార్?" అన్నాడు.

అతనిది చివరి ఆయకట్టు ఊరు. తూము దగ్గరి పొలాలు మునిగేలా పారినా, వాళ్ల మడులకు నీళ్లు అందేవి కావు. ఎండలు ముదిరితే రాత్రిపూట గడ్డపార పట్టుకొని కట్టమీదికి వచ్చేది వాళ్లే. మా నాయిన ఆపింది, తిట్టింది, ఒకటి రెండుసార్లు కర్ర ఎత్తింది వాళ్లమీదనే. నేను గొప్పగా చెప్పుకున్న ఆ సున్నాలో ఎవరి మడి ఎండిందో నేను ఎన్నడూ లెక్క చూసుకోలేదు.

ఆ రాత్రి ఇంటికి పోయి మా నాయినను అడిగాను. ఇప్పుడు ఆయనకు కళ్లు సరిగా కనపడవు. ఒక్కసారి పడిన ఆ గండి సంగతి ఎత్తాను. రిజిస్టరులో ఎండ్రకాయ బొక్కవల్ల పడిందని రాసివుందని నాకు తెలుసు. దానికే పైవాళ్లు ఆయన జీతం కొంత కోశారు.

"ఎండ్రకాయ గాదు బిడ్డా," అన్నాడు. "గడ్డపారతోటి కొట్టిన్రు. ఎవలు కొట్టిన్రో సూసిన. నారుమడి ఎండి వున్నది వాండ్లది."

"మరి ఆపలేదా నాయినా?"

"ఆ రాత్రి లాంతరు ఆర్పుకొని అవుతలి తూముకాడికి పోయిన," అని, నీళ్ల చెంబు అందుకోమన్నాడు.