గింజకు తొడుగు బంధమా?

గింజను కప్పిన తొడుగు బంధమా, రక్షా అన్న ఆలోచన మన తత్త్వశాస్త్రాల్లో చాలా పాతది. యోగసూత్రాల రెండో పాదం 13వ సూత్రానికి వ్యాసుడి పేరిట ఉన్న భాష్యం కర్మను వడ్లగింజతో పోల్చింది. పొట్టుతో ఉన్న గింజ మొలుస్తుంది. పొట్టు తీసినదీ, కాలినదీ మొలవవు. అవిద్య మొదలైన క్లేశాలు కప్పి ఉన్నంతకాలమే కర్మ ఫలిస్తుందని దాని తాత్పర్యం. ఈ లెక్కన పొట్టే బంధం. ఋగ్వేదం ఏడో మండలంలోని మృత్యుంజయ మంత్రం ఇంకోలా చూసింది. దోసపండు తొడిమను వీడినట్టు మృత్యువు నుంచి విడివడాలని అందులో ప్రార్థన. పండితే విడుదల దానంతటదే వస్తుందన్నమాట.

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో, ఓర్వకల్లు రాక్ గార్డెన్ పరిసరాల్లాంటి మెట్టనేలల్లో ఈ రెండో మాటకు సాక్ష్యం దొరుకుతుంది. అన్నిటికన్నా చూడదగ్గది జిల్లేడు కాయ. పచ్చగా ఉబ్బిన ఆ కాయ ముదిరి, ఎండుతూ ఒక్క అంచు వెంటే పగులుతుంది. లోపల గోధుమరంగు గింజలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటాయి. ప్రతి గింజ కొసనా తెల్లని పట్టుకుచ్చు. తడిగా ఉన్నంతసేపూ ఆ పోగులు అంటుకుని మెరుస్తాయి. ఆరాక విచ్చుకుని గింజను గాలికి ఎత్తుతాయి. లేతకాయను బలవంతంగా చీలిస్తే చేతికి పాలే అంటుతాయి, గింజ ఎగరదు, మొలవదు. సాకిన తొడుగే, ఎండి తలుపు తీస్తుంది. ఇంత అందమైన ఏర్పాటును బంధమని తోసేయడం న్యాయం కాదు.

భాష్యకారుడి పొట్టు పోలికలో ఒక లోపమూ ఉంది. దంచిన బియ్యం మొలవకపోవడానికి కారణం పొట్టు పోవడం కాదు, దంపుడులో మొలక భాగం దెబ్బతినడం. మొలక చెడకుండా చేత్తో ఒలిచిన వడ్లగింజ నానబెడితే మొలకెత్తుతుంది. కాలిన గింజ పోలిక మాత్రం చెక్కుచెదరదు. జిల్లేడు గింజ విడిపోయేది మళ్లీ మొలవడానికే. మోక్షం కోరే జీవుడికి కావలసింది మాత్రం, కాలిన గింజలా, మళ్లీ మొలవకపోవడం.

నల్లతుమ్మది వేరే దారి. బూడిదరంగు నూగుతో, గింజ గింజకూ మధ్య నొక్కుకుపోయి ఉండే ఆ కాయ తనంతట తాను పగలదు. మేకలూ గొర్రెలూ తిని, గట్టి గింజలను కొన్ని నెమరులో ఉమ్మేస్తాయి, కొన్ని పెంటికల్లో వదులుతాయి. ఇలా విడుదలకు మరొకరి దయ ఒక్కటే చాలా, సొంత యత్నమూ కావాలా అన్నది శ్రీవైష్ణవులను రెండు శాఖలుగా చీల్చిన ప్రశ్నల్లో ఒకటి. నంద్యాల జిల్లాలోని అహోబిలం పేరు మోసే మఠం వడకలై శాఖకు చెందింది. కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు జీవుడి యత్నం కొంతైనా ఉండాలని ఆ శాఖ మతం. పిల్లి తన కూనను నోట కరిచి తీసుకుపోయినట్టు భారమంతా భగవంతుడిదేనని తెన్‌కలై వారంటారు. తుమ్మకాయ తనను తాను తెరుచుకోలేదు, కానీ మేకను రప్పించే కండను ముందే సిద్ధం చేసుకుంటుంది. ఆ మేరకు అది వడకలై వాదానికే దగ్గర.