పల్లెకు వెళితే కోపం పోతుందా?

ఈ గొడవలన్నీ వదిలేసి, మంచివాళ్ళు నలుగురితో కలిసి ఏ పల్లెలోనో బతకాలని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించే ఉంటుంది. అది పారిపోవడమా, మంచి దారి పట్టడమా? 1960లలో అమెరికా విద్యార్థులు చాలామంది ఈ ప్రశ్న దగ్గర ఆగారు.

విద్యార్థి పత్రికల్లో పనిచేసి వచ్చిన మార్షల్ బ్లూమ్, రే ముంగో 1967లో లిబరేషన్ న్యూస్ సర్వీస్ పెట్టారు. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించే వార్తల్ని దేశంలోని చిన్న పత్రికలకు పంపేవారు. ఏడాది గడిచేసరికి సంస్థ రెండుగా చీలింది. ఒక వర్గం న్యూయార్క్‌లోనే ఉండి పోరాడాలంది. బ్లూమ్ వర్గం 1968 ఆగస్టులో, రెండోవాళ్ళకు చెప్పకుండా, అచ్చుయంత్రాన్ని మసాచుసెట్స్‌లోని మాంటెగ్యూ అనే ఊళ్ళో తీసుకున్న పొలానికి తరలించింది. ఆ రాత్రే రెండో వర్గం కార్లేసుకుని వచ్చి పడింది. గంటల తరబడి నిర్బంధం, దెబ్బలు, చెక్కు మీద బలవంతపు సంతకం. శాంతి కోసం రోడ్డెక్కినవాళ్ళండీ వీళ్ళు!

తప్పు ఇద్దరిదీ అంటాను. ఉమ్మడి సొత్తును చెప్పకుండా పట్టుకుపోవడం, ఇవ్వనిది తీసుకోవడమే. కొట్టడం సంగతి చెప్పక్కర్లేదు. మా ఆశయం మంచిది గదా అన్న మాట ఇద్దరి దగ్గరా ఉంది, కోపానికి గొడుగు పట్టింది ఆ మాటే.

ఇలాంటిది మనకు కొత్త కాదు. కోశాంబిలో భిక్ఖువుల తగువు చెంబులో మిగిల్చిన నీళ్ళ దగ్గర మొదలైందంటారు. బుద్ధుడు చెప్పినా వినలేదు, ఆయనే వాళ్ళను వదిలి వెళ్ళాడు. కాబట్టి వెళ్ళిపోవడమే తప్పని నేననను. వెళ్ళేటప్పుడు వెంట ఏం తీసుకెళుతున్నామో చూసుకోవాలి. ఆ ప్రయాణంలోనే బుద్ధుడు, అనురుద్ధుడు మరో ఇద్దరితో ఉంటున్న వనానికి వెళ్ళి, కలిసి ఎలా ఉంటున్నారని అడిగాడు. ముందొచ్చినవారు ఆసనాలు పరుస్తారు, చివరికొచ్చినవారు ఊడుస్తారు, ఖాళీ కుండ ఎవరి కంటబడితే వారే నింపుతారు. వాళ్ళ జవాబులో ఇలాంటి పనులే ఉన్నాయి!

మాంటెగ్యూ పొలం ఆ రాత్రితో ముగిసిపోలేదు. 1969 నవంబరులో బ్లూమ్ పాతికేళ్ళకే ఆత్మహత్య చేసుకున్నాడు. దాన్ని ఆ గొడవకు ముడిపెట్టడం న్యాయం కాదు. మిగిలినవాళ్ళు సేద్యం నేర్చుకున్నారు. తర్వాత ఆ ఊళ్ళో అణువిద్యుత్ కేంద్రం కడతామన్నారు. అందుకోసం గాలి తీరు చూడ్డానికి నిలబెట్టిన 500 అడుగుల స్తంభాన్ని 1974 ఫిబ్రవరి 22న ఆ పొలంవాడే, శామ్ లవ్‌జాయ్, కూల్చేశాడు. కూల్చి, తానే పోలీసుల దగ్గరికి వెళ్ళి, చేసింది నేనే, బాధ్యత నాదే అని రాతపూర్వకంగా ఇచ్చాడు. కేసు నిలవలేదు, కేంద్రమూ రాలేదు. కూల్చడం సరైనదేనా అంటే మీరూ నేనూ వాదించుకోవచ్చు. ఆరేళ్ళ కిందట చెప్పకుండా యంత్రం చేరిన చోటు నుంచే ఈసారి ఒక మనిషి బయటికొచ్చి, చెప్పి నిలబడ్డాడు. ఆ పొలంలో ఉమ్మడి జీవనం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు సాగింది.