పరిశుద్ధ స్థలము ఎక్కడ మొదలగును?

ధ్యాన భాగము: మార్కు 11:15-17, మత్తయి 5:23-24



మన గ్రామ సంఘములలో కొన్ని ప్రశ్నలు తరచుగా వచ్చుచుండును. గుడి ఆవరణములో మిరపకాయలు ఎండబోసికొనవచ్చునా? వసారా స్తంభమునకు ఎద్దును కట్టవచ్చునా? చెప్పులు గేటు యొద్ద విడువవలెనా, గడప యొద్ద విడువవలెనా? వీటన్నిటి వెనుక నున్న ప్రశ్న ఒక్కటే: పరిశుద్ధ స్థలము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియును?

యెరూషలేములో ఈ ప్రశ్నకు రాతితో జవాబు చెప్పిరి. హేరోదు కట్టించిన దేవాలయమునకు విశాలమైన బయటి ఆవరణముండెను. అన్యజనులు అంతవరకు రావచ్చును. దాని లోపల మూడు మూరల ఎత్తున రాతి కంచె యుండెనని యూదా చరిత్రకారుడగు జోసీఫసు వ్రాసెను. అన్యుడు ఆ కంచె దాటినయెడల తన చావునకు తానే కారకుడని గ్రీకు భాషలో చెక్కిన పలకలు అక్కడ నిలిపిరి. అట్టి పలక యొకటి 1871లో క్లెర్మాన్ గన్నో అను ఫ్రెంచి పండితునికి దొరికెను. నేడది ఇస్తాంబులు మ్యూజియములో నున్నది. ఎఫెసీయుడైన త్రోఫిమును పౌలు లోపలికి తెచ్చెనని తలంచి జనులు అతనిని చంపజూచిరని అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ అలజడి యంతయు ఇట్టి హద్దును గూర్చియే.

కంచె లోపల అంత భయభక్తులు! బయటనో, సంత! పరదేశి నిలిచి ప్రార్థించుటకు మిగిలిన చోటు ఆ బయటి ఆవరణమొక్కటే. అక్కడనే గువ్వలు అమ్ముచుండిరి, రూకలు మార్చుచుండిరి. ప్రభువు వచ్చి ఆ బల్లలను పడద్రోసెను. ఎవడును ఒక పాత్రనైనను ఆ మార్గమున మోసికొని పోవుటకు ఆయన ఒప్పుకొనలేదు. సకల జాతులవారు ప్రార్థించుటకై దేవుడు ఈ యింటిని ఏర్పరచెనని యెషయా ప్రవచనమును జ్ఞాపకము చేసెను. మనుష్యులు బయటిదని విడిచిన చోటును ఆయన తన తండ్రి యింటిలోనిదిగా ఎంచెను.

ప్రియులారా, మన గుడి వసారాలో ఎవరు నిలుచుందురు? క్రొత్తగా వాక్యము వినవచ్చినవారు, చినిగిన బట్టలతో లోపలికి రాజంకువారు, చంటిబిడ్డ ఏడ్చునని బయట కూర్చున్న తల్లి. అక్కడ మనము అప్పుల లెక్కలు, పొలము తగవులు మాటలాడుదుమేని, ఏ పేటవారని అడిగి చోటు చూపుదుమేని, మనమును సంత పెట్టినవారమే. యెరూషలేము ఆలయము క్రీ. శ. 70లో కూలిపోయెను. అంతకుముందే క్రీస్తు తన శరీరమందు మధ్యగోడను పడగొట్టెనని పౌలు ఎఫెసీయులకు బోధించెను. ఆయన పడగొట్టినదానిని మరల కట్టుటకు మనమెవరము?

ఇక పరిశుద్ధ స్థలము ఎక్కడ ముగియును? అర్పణము పట్టుకొని బలిపీఠము యొద్దకు వచ్చినవానికి, సహోదరుని మనస్సు తన మీద నొచ్చియున్నదని జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణమును అక్కడనే విడిచి మొదట సమాధానపడుటకు పొమ్మని ప్రభువు సెలవిచ్చెను. కనుక బలిపీఠమునుండి సహోదరుని గుమ్మము వరకు పోవు త్రోవయు ఆరాధనలోనిదే. అది పొలము గట్టైనను, బావి దారియైనను అంతే.

చెప్పులు విడువుడి, ఆవరణము ఊడ్చి శుభ్రముగా నుంచుడి. అది తగిన మర్యాదయే. అయితే మోషే చెప్పులు విడిచిన చోట గోడయు లేదు, గడపయు లేదు. అది అతడు మామ మందను మేపుచు వచ్చిన కొండ. వచ్చే ఆదివారము ఆరాధనకు వచ్చువారు ముందుగా వసారాలో నిలిచినవారిని చేయి పట్టుకొని లోపలికి తీసికొని రండి. మాట లేక యున్న పొరుగువాని యింటికి శనివారము సాయంకాలమే పోయి రండి.

కంచెలను తీసివేసిన ప్రభువు మన సంఘములకు ఆ మనస్సు దయచేయును గాక. ఆమేన్.