గడప దాటిన వ్రతము

కాఫీ త్రాగుట నేరమనియు, ఆ నేరము విద్యాలయ ప్రాంగణమున గాక ఊరిలో నేదో యొక అంగడి బల్లయొద్ద జరిగినను విద్యాలయమువారు విచారింపవచ్చుననియు చెప్పినచో, తెల్లవారకమునుపే డికాక్షను దింపుకొను మన తెలుగువారు నవ్వి ఊరకుందురు. కాని అమెరికాలోని యూటా రాష్ట్రమున, ప్రోవో పట్టణమున, 1875లో పుట్టిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయమునందు ఇది నవ్వులాట గాదు. లోకము మార్మనులని పిలుచు క్రైస్తవ సంఘమువారు దానిని నడుపుచున్నారు. అచ్చట చదువు 30,000కు పైబడిన విద్యార్థులలో ప్రతియొక్కరును ‘ఆనర్ కోడ్’ అను నియమావళికి కట్టుబడుదుమని మాట యిచ్చియే లోపల అడుగు పెట్టవలెను. మద్యము, పొగాకు, కాఫీ, తేనీరు కూడవు. వివాహబంధమునకు వెలుపల స్త్రీపురుష సంగమము కూడదు. పురుషులు గడ్డము పెంచరాదు. ఈ కట్టుబాట్లు తరగతిగదిలో ఎట్లో, సెలవులకు స్వగ్రామము పోయినపుడును అట్లే. విద్యార్థి నడవడి సరిగా నున్నదని ఏటేట మతాధికారి యొకడు ధ్రువపఱుపవలెను. ఆ విద్యాలయము ఎవరి పేర వెలసినదో ఆ బ్రిగమ్ యంగుగారి చిత్తరువులలో చక్కని గడ్డము కనబడుచుండుట వేఱు మాట.

2011లో ఈ నియమావళి పత్రికలకెక్కినది. ఆ యేడు వారి బాస్కెట్‌బాల్ జట్టు దేశమున మూడవ స్థానమున నిలిచి పెద్ద పోటీలకు సిద్ధమగుచుండగా, జట్టునకు ఆయువుపట్టువంటి ఆటగాని నొకనిని నియమభంగమునకై తక్కిన ఆటలనుండి తొలగించిరి. ఆ భంగము మైదానమున జరిగినది గాదు. వాని సొంత బ్రతుకునకు సంబంధించినది. కొందఱు వెక్కిరించిరి, గెలుపును వదలుకొని మాటను నిలుపుకొన్నారని మెచ్చినవారును కొఱవడలేదు. నేను ఆ రెండవ పక్షమువైపే మొగ్గినవాడను. ఏలయన, వ్రతమునకు ప్రహరీగోడ యుండదు. ఏకాదశినాడు ఇంట మడికట్టుకొని కూర్చుండి, వీధిమొగను హోటలులో ఇడ్డెనలు తినివచ్చువానిని ఉపవాసి యని ఎవరందురు? పైగా సంఘసభ్యులు తమ రాబడిలో పదవపాలు సమర్పింపగా, ఆ ద్రవ్యమువలన అచ్చటి విద్యార్థులకు చదువు జీతము తగ్గుచున్నది. ఇచ్చెడివారు తమ ధర్మమును పాటింపుమని కోరుట అన్యాయమని అనజాలము.

మన పూర్వులకును ఈ యభిప్రాయము క్రొత్త గాదు. మనుస్మృతి రెండవ యధ్యాయము బ్రహ్మచారికి మధుమాంసములను, గంధమాల్యములను, గొడుగును, చెప్పులను, నృత్యగీతములను గూడ నిషేధించినది. ఆ నిషేధములు ఆశ్రమపు కంచెతో ముగియలేదు. ముగియుటకు వీలును లేదు. బ్రహ్మచారి యనువాడు దినదినమును భిక్షాపాత్ర పట్టి ఊరిలోనికి పోవలసినవాడే గదా! భిక్ష వేయు గృహిణి వానిని చూచుచుండెను. వాడు ఆ గృహిణిలో తన తల్లిని చూచుకొనుచుండెను. అట్టి విద్యకు లోపల, వెలుపల అను భేదమే లేదు. అయితే అట్టి విద్యకు ఒక కార్యాలయమును లేదు, ఫిర్యాదుల పెట్టెయు లేదు. నా సందేహమంతయు ఇచ్చటనే యున్నది.

మహాభారతము ఆదిపర్వమున, పౌష్యపర్వములో, ఉపమన్యువు కథ వచ్చును. పసులను కాయుటకు నియోగింపబడిన ఆ శిష్యుడు బొద్దుగా నుండుట చూచి, గురువగు అయోదధౌమ్యుడు ఏమి తినుచున్నావని యడిగెను. భిక్షాన్నమనగా, నాకు నివేదింపక తినరాదనెను. నివేదింపగా అంతయు తానే పుచ్చుకొనెను. రెండవమాఱు భిక్షకు పోవుచున్నాననగా, అది తోటి భిక్షకుల నోటికూడు తీయుటయనెను. ఆవుపాలు త్రాగుచున్నాననగా, నేను అనుమతింపలేదు గదా యనెను. దూడలు గుడిచి విడిచిన నురుగు నాకుచున్నాననగా, జాలిగుండె దూడలు నీకొఱకు ఎక్కువ నురుగు విడిచి తాము అఱకడుపున నుండుననెను. తుదకా బాలుడు ఆకలికి తాళలేక అడవిలో జిల్లేడాకులు నమిలి, చూపు పోగొట్టుకొని, నూతిలో కూలెను. ఆశ్రమము వెలుపలి నడవడిమీద ఇంతటి అధికారమును ఏ నేటి విద్యాలయమైనను కోరగలదా? చిన్ననాడు ఈ కథ విన్నపుడు ఆ గురువుమీద నాకు కోపము వచ్చినది. నేటికిని పూర్తిగా పోలేదు.

కాని ప్రొద్దు గ్రుంకినను శిష్యుడు ఇల్లు చేరకపోగా ఆ గురువు ఏమి చేసెనో చూడవలెను. పట్టీలో పేరు కొట్టివేయలేదు, సంజాయిషీ యడుగలేదు. నేను వానికి అన్నియు నిషేధించితిని, అందుచే కోపగించి రాకయుండునని తక్కిన శిష్యులతో తన తప్పు తానే చెప్పుకొన్నట్లు పలికి, వారిని వెంటబెట్టుకొని అడవికి పోయి, ఉపమన్యూ, ఎచ్చట నున్నావని ఎలుగెత్తి పిలిచెను. నూతిలోనుండి బదులు వచ్చెను. పాలు వద్దన్న గొంతే నూతిగట్టున నిలిచి పిలుచుచున్నది. పిమ్మట అశ్వినీదేవతలు ప్రత్యక్షమై అపూపమొకటి యిచ్చి తినుమన్నప్పుడు, గురువునకు నివేదింపక తిననని ఆ బాలుడనెను; మీ గురువును ఒకప్పుడిట్లే నివేదింపక తినెనని దేవతలు చెప్పినను లొంగలేదు. చూచువారెవరును లేరు, తనకు చూపే లేదు. అయినను నియమము నిలిచినది.

ప్రోవోలో 2016లో వెల్లడియైన విషయము దీనికి సరిగా విపర్యయము. అత్యాచారమునకు గురియై ఫిర్యాదు చేసికొన్న విద్యార్థినులు కొందఱు, ఆ సందర్భమున తామే నియమము తప్పియుందురేమో యను విచారణకు గురియైరి. నూతిలో పడినవాడు కేకవేసినచో, జిల్లేడాకు తినుటకు నీకు అనుమతి యెవరిచ్చిరని గట్టుమీదినుండి ప్రశ్నించినట్లున్నది! పేరు బయటపడునను భయముతో నోరు మూసికొన్నవారెందఱో ఆ భగవంతునికే యెఱుక. విద్యాలయమువారు సలహాసంఘము నొకదానిని కూర్చి, ఆ యేటి అక్టోబరులో, ఇకమీద అట్టి ఫిర్యాదీలను నియమావళిక్రింద శిక్షింపబోమని ప్రకటించిరి. దిద్దుకొనినందుకు వారిని మెచ్చవలసినదే. అయినను, సత్యము పలుకుటకు ముందుగా క్షమాపత్రము పుచ్చుకొనవలసిన స్థితి ఒక ధర్మవిద్యాలయమున ఏల కలుగవలెను?

ఇంకొక ముల్లున్నది. అన్యమతమున పుట్టినవాడు నియమములు పాటించుచు అచ్చట చదువుకొనవచ్చును. కాని ఆ సంఘముననే పుట్టి, చదువు నడుమ విశ్వాసము సడలి, సంఘమును విడిచినవానికి మతాధికారి ధ్రువపత్రము నిలువదు. అట్టివాడు మనసులో నొకటి, నోట నొకటిగా పట్టము చేతికందువఱకు నెట్టుకొని రావలసినదే. సత్యశోధనకని పెట్టిన నియమము నటనకు శిక్షణ యిచ్చుచున్నది. ఇక దక్షిణ కెరొలినాలోని బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయమువారు, వేర్వేఱు జాతుల యువతీయువకులు ప్రణయమునకై కలిసి తిరుగరాదని దైవశాసనముగా విధించి, పన్ను మినహాయింపును కోల్పోయి, 1983లో సుప్రీంకోర్టులో ఓడియు, 2000వఱకు ఆ కట్టుబాటును విడువలేదు. కాఫీ వలదనుట తపస్సనవచ్చును. సాటిమనుష్యుని మైచాయ చూచి వలదనుటను ఏమనవలెను?

దూరదేశపు దోషములెన్నుటలో ఒక సుఖమున్నది గనుక, మన యింటి మాటయు నొకటి చెప్పెదను. నేను బాల్యమున చదివిన బడి మతసంస్థవారిదే, పేరేల? అచ్చట సినిమా నిషిద్ధము. ఒకనాడు నా సహపాఠి యొకడు ప్రార్థన వేళ అందఱియెదుట నిలువబడి బెత్తపు దెబ్బలు తినెను. వానిని టూరింగు టాకీసు నేలతరగతిలో చూచితినని వార్త మోసినవాడు మా తరగతి పెద్ద. మఱి నీవచ్చటికేల పోతివని ఆ పెద్దను ఏ ఉపాధ్యాయుడును అడుగలేదు. ఆనాటినుండి మేము సినిమాలు మానలేదు. ఒకరినొకరు నమ్ముట మానితిమి.

పసివారికి కాపుదల వలదని నేననను. అయితే తండ్రి వ్రాలుచేసి చేర్చిన పిల్లవాడు వేఱు, తెలిసి మాట యిచ్చిన యువకుడు వేఱు. ఇద్దఱికి నొకే బెత్తము పనికిరాదు. వ్రతమును కోరుడు, గడప దాటి కూడ కోరుడు. కాని దానికి కావలిగా వేగులవానిని నియమించితిరా, శిష్యునిలో మేల్కొనవలసిన సాక్షి ఇక మేల్కొనడు.

ఛాందోగ్యోపనిషత్తునందలి గురువు హారిద్రుమత గౌతముడు ఈ విషయమున ఎంత ధైర్యశాలి! సత్యకాముడను బాలుడు తన గోత్రము తెలియదని నిజము చెప్పినందుకే వానిని చేర్చుకొని, ఉపనయనము చేసి, బక్కచిక్కిన 400 గోవులను వేఱుచేసి యిచ్చి, వీనివెంట పొమ్మనెను. అవి వేయి కానిదే మరలి రానని చెప్పి వాడు అడవికి పోయెను. ఏండ్లు గడచినవి. గురువు వెంట మనిషిని పంపినట్లు ఉపనిషత్తు చెప్పదు. ఏమి తినుచున్నాడో, ఎవరితో నున్నాడో విచారించినట్లును చెప్పదు. ఒక వృషభము, అగ్ని, హంస, నీటిపక్షి వానికి పాఠము చెప్పినవి. మంద వేయికి పెరిగినపిదప వాడొకనాడు ఆశ్రమము చేరగా, గురువు ఆవులను లెక్కపెట్టలేదు. శిష్యుని ముఖమువైపు చూచి, నీవు బ్రహ్మము నెఱిగినవానివలె వెలుగుచున్నావు, నీకు నేర్పినదెవరు నాయనా యని యడిగెను.