చివర తీసిన కంచం

ఒక ఊరి చివర, చెరువు గట్టు దిగిన చోట ఒక వృద్ధాశ్రమం ఉండేది. నలభై మంది పెద్దవాళ్లు, ముగ్గురు ఆయాలు. ఆ ముగ్గురిలో ఒకామెను మెచ్చుకోనివాళ్లు ఆ ఊళ్లో లేరు.

ఆ ఆశ్రమంలో ఒక ముసలమ్మ వచ్చి చేరింది. ఏళ్ల తరబడి గుడి ముందు పూలమ్మిన మనిషి. పక్షవాతం వచ్చి తగ్గింది గానీ కుడిచెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. వచ్చిన కొత్తలో తన తల తనే దువ్వుకునేది, తన అన్నం తనే కలుపుకునేది. అన్నిటికీ ఆలస్యమే. ముద్ద నోటికి చేరేలోపు సగం ఒళ్లో పడేది.

అది చూసి ఊరు మెచ్చిన ఆ ఆయాకు మనసు ఆగలేదు. ఆమెకు తల్లి లేదు, ముసలమ్మలో తల్లిని చూసుకుంది. ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తల దువ్వి ముడి వేసింది. చెంబు ఎత్తనివ్వలేదు, మంచం దిగనివ్వలేదు. అరగంట పట్టే పని అయిదు నిమిషాల్లో అయిపోయేది. చూడవచ్చిన కొడుకు, తల్లి చీర మీద చిన్న మరకైనా లేకపోవడం చూసి, ఆయాకు దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆ దణ్ణానికి ఆమె తగినదే. ఆ ప్రేమలో కల్తీ లేదు.

ఏడాది తిరిగింది. ముసలమ్మ కుడిచెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది, వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. మాట తగ్గింది. ఆకలేస్తోందా అని ఎవరైనా అడిగితే ఆయా ముఖం వైపు చూసేది.

అంతలో ఆయా కూతురికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి ఆయా మూడు నెలలు సెలవు పెట్టి వెళ్లింది. ఆమె బదులు వచ్చిన మనిషికి వయసు మళ్లింది, మోకాళ్ల నొప్పులు. మొదటి రోజు కంచం పెట్టి పక్క మంచాలు చూసుకుని వచ్చేసరికి అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండో రోజూ అంతే. ఆమెకు భయమేసింది. వదిలేస్తే ముసలమ్మ పస్తుంటుంది. కూర్చుని తినిపిస్తే మిగతా మంచాల వాళ్లు పస్తుంటారు.

మూడో రోజు ఆమె అన్నం మెత్తగా మెదిపి, అంచు ఎత్తుగా ఉన్న పళ్లెంలో పెట్టింది. పళ్లెం జారకుండా కింద తడిగుడ్డ వేసింది. గ్లాసు సగమే నింపింది. ఒళ్లో తువ్వాలు పరిచి, ముసలమ్మ చెయ్యి తన చేత్తో పట్టుకుని మొదటి ముద్ద కలిపించింది. వడ్డన ఆ మంచం దగ్గర మొదలుపెట్టి, కంచాలు తీయడం ఆ మంచం దగ్గరే ముగించింది. నలభై మంది తినే సేపంతా ముసలమ్మకు దొరికింది.

అన్నం ఒళ్లో పడింది. చీరకు పులుసు అంటింది. కొడుకు వచ్చి మరకలు చూసి మేనేజరుతో గొడవపడ్డాడు. మేనేజరు కొత్తామెను కేకలేశాడు. ఆమెకు ఎలా చెప్పుకోవాలో తెలియలేదు. మర్నాడు కూడా వడ్డన ఆ మంచం దగ్గరే మొదలుపెట్టింది.

మూడు నెలలకు ఆయా తిరిగొచ్చింది. ముసలమ్మ చీర మీద మరక చూసి ఆమె ప్రాణం విలవిల్లాడింది. కొంగు తడుపుకుని తుడవబోయింది. అప్పుడు కనిపించింది మంచం మీద పరిచిన విస్తరాకు. అందులో దొడ్లో పూసిన మల్లెమొగ్గలు, పక్కన గిన్నెలో నానేసిన అరటినార. ముసలమ్మ రెండు మొగ్గలు ఇటు, రెండు అటు పెట్టి, కాడలు ఎడమచేత్తో నొక్కిపట్టి, కుడిచేతి వేళ్లతో నార తిప్పుతోంది. నార జారింది. మళ్లీ తిప్పింది. మళ్లీ జారింది. సాయం చేయబోయి ఆయా చేతులు చాపింది. ముసలమ్మ కట్టినంత మేర మాలను తన వైపు లాక్కుంది. ఏడాదిలో ఆమె దేనినైనా వద్దనడం అదే మొదటిసారి.

ఆయా చేతులు వెనక్కి తీసుకుని మంచం పక్కన కూర్చుంది. నాలుగోసారికి ముడి పడింది.

ఈ కథలో నేను చెప్పదలచుకున్నది, పెద్దవాళ్లు ఇంకా చేసుకోగలిగిన పనిని వాళ్ల చేతుల్లోంచి ప్రేమతో లాక్కున్నా ఆ చేతులు చచ్చుబడతాయని. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో, ఒక అంతస్తు వాళ్లకు తలొక మొక్క ఇచ్చి మీరే చూసుకోమన్నారు, ఇంకో అంతస్తు వాళ్లకు నర్సులే నీళ్లు పోస్తారన్నారు. మూడు వారాలకల్లా మొక్కను తామే చూసుకున్న అంతస్తు వాళ్లే ఎక్కువ హుషారుగా కనిపించారు. అందుకే ఈసారి ఆశ్రమానికి వెళ్లినప్పుడు అమ్మ చీర మీద మరక ఉందేమో అని వెతికే ముందు, ఇవాళ అన్నం ఎవరు కలుపుకున్నారో అమ్మనే అడగండి, జవాబు వచ్చేదాకా పక్కన కూర్చోండి.